రెండు గ్లాసుల సప్పనీళ్ళు

మొన్న ఆదివారం మా మనవరాలు ఒక అట్టపెట్టె చంకలో పెట్టుకుని మిద్దె మీదికి పరుగెత్తింది. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరినప్పుడల్లా మేమంతా మెడలు చాచి నిలబడే పిట్టగోడ పక్కన అది పెట్టె దించి సామాను పరుస్తుంటే, మోకాళ్ళు పట్టుకుని నేనూ వెనకాలే మెట్లెక్కాను. పర్యావరణానికి హాని లేని సైన్సు పరికరం ఏదైనా ఇంట్లోనే సొంతంగా చేసి తీసుకురమ్మన్నారట బళ్ళో. వాళ్ళమ్మ ఫోనులో నొక్కి తెప్పించిందట. పెట్టె విప్పితే లోపల ఇంకో పెట్టె, దాని చుట్టూ బుడగల ప్లాస్టిక్కు, అది ఊడదీస్తే మరో ప్లాస్టిక్కు సంచి, అందులో అరచేయంత నల్లటి పళ్ళెం, ఏటవాలు మూత, ఒక గొట్టం, ఎట్లా బిగించాలో బొమ్మలతో చెప్పే కాగితం. పర్యావరణానికి మేలు చేయడానికి ఇంత చెత్త పుట్టించాలా తల్లీ అని నోటిదాకా వచ్చింది గాని, పిల్ల ముఖంలో వెలుగు చూసి మింగేశాను. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సైన్సు చెప్పిన నోరు ఇది, ఊరుకోమంటే ఒక పట్టాన ఊరుకోదు. పావుగంటలో బిగించేసి, "ఇది ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేస్తుందంట అమ్మమ్మా, నీకు తెలుసా?" అని అడిగింది. తెలుసా అంటే ఏం చెప్పను! ఆ పరికరం లేకపోతే నేను పదో తరగతి గట్టెక్కేదాన్నే కాదు, ఆ తర్వాతి బతుకంతా ఇంకోలా ఉండేది. అది పన్నెండేళ్ళ పిల్లకు చెబితే కథ అనుకుంటుంది. బిందె బరువు ఎరిగిన నా ఈడు వాళ్ళకు చెబితే మాత్రం నమ్ముతారని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది మైపాడుకు పక్కన సముద్రాన్ని ఆనుకుని ఉండే చిన్న పాలెం. మా నాయన తెప్ప మీద వేటకు పోయేవాడు, అమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగేది, ఇంట్లో అవ్వ, నేను, నా వెనక ఇద్దరు చెల్లెళ్ళు, వాళ్ళింకా బిందె ఎత్తు కూడా లేరు. నేను పదో తరగతికి వచ్చిన ఏడాది కార్తీకంలో వాన, గాలి కలిసి వచ్చి సముద్రం మా వీధిలోకి నడిచివచ్చింది. మనుషులకు ఏమీ కాలేదు, అది గంగమ్మ దయ. బావి మాత్రం ఉప్పయిపోయింది. స్నానాలకూ గిన్నెలకూ ఆ నీళ్ళే వాడుకున్నా, తాగడానికీ వండడానికీ సప్పనీళ్ళు కావాలి గదా. ఉప్పు తగలని మంచినీళ్ళను మా వైపు సప్పనీళ్ళనే అంటారు. వాటికోసం ఇసుక దిబ్బ ఎక్కి దిగి, సరుగుడు తోపు దాటి, అక్కడ ఇసుకలో తవ్వుకున్న చెలమ దగ్గరికి పోవాలి. చెలమ అంటే మీకు తెలియనిదా. అది ఊరిందాకా కూర్చోవాలి, ఊరినదాన్ని కొబ్బరిచిప్పతో చేది బిందెలో పోసుకోవాలి, తొందరపడి లోతుగా ముంచామా ఇసుక కలిసి బురదవుతుంది. ఒక బిందె నిండేసరికి వంతులో వెనకున్న వాళ్ళు మన వంశమంతా తిట్టి పోస్తారు.

అమ్మ రోజూ మూడు తడవలు తెచ్చేది. మాఘమాసంలో ఒకనాడు నిండు బిందెతో దిబ్బ దిగుతూ జారిపడి తుంటి పట్టుకుంది. నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే విరగలేదు గాని ఎండాకాలం దాటేదాకా బరువు ఎత్తకూడదన్నారు. అంతే, బిందె నా నెత్తికి వచ్చింది. తెల్లవారుతూనే బయలుదేరినా రెండో తడవకే బడి గంట కొట్టేసేవారు, మూడోదానికి మధ్యాహ్నమయ్యేది. వారం బడికి పోలేదు, రెండు వారాలు పోలేదు. పరీక్షలకు రెండు నెలలు కూడా లేవు. హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరని కబురొచ్చింది. నాయన చెడ్డవాడు కాదు, ఆయనకు నేనంటే ప్రాణం, కాని కబురు విని తల గోక్కుని, "ఏం జేద్దాం మే, వచ్చే ఏడు రాసుకుందువులే," అన్నాడు. మా పాలెంలో వచ్చే ఏడు రాస్తామన్న ఆడపిల్ల ఎవరూ మళ్ళీ రాయలేదు. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, అందుకే నా ముఖం చూడకుండా అన్నాడు.

అన్నిటికంటే ముఖ్యంగా నీళ్ళు కావలసింది అవ్వకు. కాళ్ళు వాచిపోయి వేలు నొక్కితే గుంట పడేవి. డాక్టరు ఉప్పు ముట్టొద్దన్నాడు. ఉప్పు మడుల్లో కూలిచేసి పెరిగిన మనిషికి ఉప్పు మానమంటే ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. ఉప్పుబావి నీళ్ళు ఒక్క గుక్క కూడా ఆమెకు పనికిరావు. ఆమె పొద్దున లేవగానే తాగే నీళ్ళకోసమే నేను మొదటి బిందెకు ఉరికేదాన్ని. ఒకరోజు నేను బిందె దించి అలిసి కూలబడితే, అవ్వ నా వీపు రాస్తూ తనలో తాను మాట్లాడుకున్నట్టు, "మడిలో నీళ్ళు పెడతారు, ఎండకు ఉప్పు మిగులుద్ది. ఉప్పు మూటలు కట్టుకుని పోతారు. మరి ఆ నీళ్ళు యాడికి పొయినాయని ఒక్కడూ అడగడు గదే," అంది.

సంతకం రాని మనిషి! ఆవిరి పాఠం నేను ఆరో తరగతినుంచీ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటున్నాను గాని, ఆ ప్రశ్న నాకు ఒక్కనాడూ తోచలేదు. మరుసటి రోజు బడి వదిలే వేళకు పోయి సైన్సు అయ్యవారిని పట్టుకున్నాను. ఆయన నవ్వి, సుద్దముక్కతో బల్లమీదే ఒక బొమ్మ గీశాడు: కింద నల్లటి తొట్టి, అందులో ఉప్పునీళ్ళు, పైన ఏటవాలుగా అద్దం, అద్దం కింది అంచున చుక్కలు పట్టే కాలువ. నలుపు ఎండను పట్టుకుంటుంది, గాలి చొరబడకూడదు, మిగతాది చేసి తెలుసుకో అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఆ చెప్పకపోవడానికే ఆయనకు నేను ఎక్కువ రుణపడి ఉన్నాను.

నేను ఇంటికి వచ్చి నాయనతో ఒప్పందం చేసుకున్నాను. ఇంటికి కావలసిన తాగే నీళ్ళు ఎండతో తీస్తాను, తీస్తే నన్ను బడికి పంపాలి. నాయన వేళ్ళమీద రోజులు లెక్కపెట్టి, "సరే, అమాస దాకా చూస్తా," అన్నాడు. అమావాస్యకు ఇరవై రోజులుంది, అందాకా బిందె మోత తప్పదు.

కొనడమనే మాటే లేదు మా ఇంట్లో, ఉన్నదాంతోనే చేయాలి. విరిగిన తెప్ప పలకలు నాయన కోసి మేకులు కొట్టి తొట్టి చేసిపెట్టాడు. మాకు నాలుగిళ్ళ అవతల చర్చి ఉండేది. గాలివానకు దాని కిటికీలు ఊడిపడితే పగలకుండా మిగిలిన అద్దాలు పాస్టరమ్మ గుడ్డల్లో చుట్టి దాచింది. అడగగానే ఒకటి తీసి ఇచ్చి, "అద్దం పగిలినా ఫరవాలేదు పాపా, చెయ్యి కోసుకోబాక," అంది. కాలువకు వెదురు బద్ద నిలువునా చీల్చాను. ఇక నలుపు. మా ఇంట్లో నలుపుకు కొదవేముంది? తెప్పలకూ పడవలకూ నీళ్ళు తాగకుండా సొరచేప నూనె పూయడం మాకు తాతల నాటి పని. ఆ నూనెలో లాంతరు మసి కలిపి తొట్టి లోపలంతా నున్నగా రెండు పూతలు పూశాను. సందులకు గుగ్గిలం కాచి దట్టించాను. చూడముచ్చటగా ఉంది. ఉప్పుబావి నీళ్ళు నాలుగు చెంబులు పోసి, అద్దం మూసి, ఎండలో పెట్టి దాని ముందు బోర్లా పడుకున్నాను. మధ్యాహ్నానికి అద్దానికి లోపల చెమట పట్టింది. ఆ చెమట చుక్కయి, చుక్క జారి కాలువలో పడి, కాలువ చివర ముంతలో టప్పుమన్నప్పుడు నేను పెట్టిన కేకకు పక్కింటి కోళ్ళు చెదిరిపోయాయి.

సాయంత్రానికి గ్లాసుడు నీళ్ళు. అవ్వ తాగింది, కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగింది, "సప్పగా, తియ్యగా ఉండాయి," అంది. అమ్మ నాలుక మీద వేసుకుంది, చెల్లెళ్ళు వేలు ముంచి నాకారు, నాయన చప్పరించి తల ఊపాడు. ఇంటిల్లిపాదీ బాగున్నాయన్నారు. నేను మరునాటి నీళ్ళు సీసాలో పోసుకుని, ఏదో రాజ్యం గెలిచినదానిలా బడికి పోయి, తరగతి అందరి ముందూ అయ్యవారి చేతికి ఇచ్చాను.

ఆయన నోట్లో పోసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. కిటికీ దగ్గరికి పరుగెత్తి బయట ఉమ్మేసి, వగరుస్తూ, "చేప నూనె తాగించినావే నాకు!" అన్నాడు. తరగతి గొల్లుమంది. సీసా చేతులు మారింది, వాసన చూసిన ప్రతివాడూ ముక్కు మూసుకున్నాడు. పాలెం పిల్లలు కంపు కొడతారని ఎప్పుడూ గుసగుసగా అనేవాళ్ళు ఆ రోజు బాహాటంగా అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. నేను మళ్ళీ మళ్ళీ సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాను, అయ్యో, నాకు ఏ వాసనా రాలేదే! అదీ నా ఏడుపు.

ఇంటికి వచ్చి తొట్టిని పగలగొడతానని రోకలి ఎత్తాను. అమ్మ లాక్కుంది. జరిగింది చెబితే అందరూ ముంత చుట్టూ చేరి మళ్ళీ వాసన చూశారు. ఒక్కరికీ తెలియలేదు. అప్పుడు అవ్వ నవ్వడం మొదలుపెట్టింది, నవ్వి నవ్వి దగ్గు తెరలో పడి, నీళ్ళు తాగించాక తేరుకుని, "మన ముక్కుకి అది వాసనెట్టా అవుద్దే పిచ్చిదానా? అది మనిల్లు గదా!" అంది. నాకు ఒళ్ళు మండింది. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది కూడా.

మరుసటి రోజు, ఇక బడి గడప తొక్కనంటే తొక్కనని కూర్చుంటే, సైన్సు అయ్యవారే సైకిలేసుకుని మా పాలెం వచ్చాడు. అంత దూరం వచ్చిన మనిషి మంచం మీద కూర్చోకుండా, రేకు ముక్క అడిగి, దాని మీద ఒక పక్క మా బావి నీళ్ళు నాలుగు చుక్కలు, ఇంకో పక్క నా నీళ్ళు నాలుగు చుక్కలు వేసి పొయ్యి మీద పెట్టాడు. బావి చుక్కలు ఇగిరి తెల్లటి ఉప్పు మచ్చ పడింది. నా చుక్కలు ఇగిరి ఏ మచ్చా లేకుండా పోయాయి. "ఉప్పు పోయింది, చూసినావా? నువ్వు తప్పిందల్లా నూనె దగ్గిరే. ఈసారి నూనె లేకుండా చేసి, మీ ఇంటిది కాని ముక్కు ఒకటి అరువు తెచ్చుకో," అన్నాడు. తర్వాత తరగతిలో కూడా ఆ రేకు అందరికీ చూపించి, నవ్విన వాళ్ళలో ఒక్కరైనా ఇంట్లో ఏదైనా చేసి తీసుకురండి చూద్దాం అన్నాడట. ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

తెప్ప పలకల తొట్టి పక్కన పడేశాం. వెడల్పాటి నల్లమట్టి తొట్టి ఒకటి ఆవులకు కుడితి పోసేది, అంచు విరిగి పెరట్లో పడి ఉంటే దాన్ని తోమి, అడుగున కొబ్బరిచిప్పల బొగ్గు పరిచాను, అంచులు బంకమట్టితో మెత్తాను. అద్దాన్ని బూడిదతో, కుంకుడు రసంతో రోజూ కడిగాను. అరువు ముక్కు ఎవరిదంటారా, పాస్టరమ్మదే. ఆమె పుట్టిల్లు నెల్లూరు, మా పాలెం గాలికి ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు పాపం. రోజూ సాయంత్రం ముంత పట్టుకుపోతే కొంగు సర్దుకుని, కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసేటంత శ్రద్ధగా వాసన చూసేది. మొదటి రోజు తల అడ్డంగా ఊపింది. రెండో రోజు రవ్వంత ఉందంది. నాలుగో రోజు వాసన చూసి, గుక్క తాగి, మిగిలినవన్నీ గటగటా తాగేసి, "దేవునికి స్తోత్రం," అంది. అవ్వకు దక్కాల్సిన నీళ్ళు ఆమె తాగేసినందుకు నాకు కోపం రావాలి, రాలేదు.

కాని ఎంత చేసినా, ఎండ ఎంత కాసినా, రోజుకు రెండు గ్లాసులే. అద్దం పెద్దదైతే నీళ్ళు పెరుగుతాయని తెలుసు, పాస్టరమ్మ దగ్గర ఉన్నవన్నీ తెచ్చినా ఆరుగురి దాహానికి చాలవనీ తెలిసిపోయింది. లెక్క వేసి చూస్తే మా ఇంటి పైకప్పంతా అద్దాలు పరవాలి. అమావాస్య రానే వచ్చింది. నాయన వేటనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేను చూస్తుండగా ముంతలో నీళ్ళు గ్లాసులోకి వంచాడు. ఒకటి నిండింది, రెండోది నిండింది, ముంత ఖాళీ అయింది. ఆయన ఖాళీ ముంతను గోడవారగా బోర్లించాడు. నా పదో తరగతి అయిపోయిందని చెప్పడమే అది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

మంచం మీది అవ్వ ఆ రెండు గ్లాసులూ తన దగ్గరికి తెప్పించుకుంది. "నాకు పొద్దు మొదలు పొద్దుగూకేదాకా ఇవి చాలు. నా గొంతుకోసం ఈ బిడ్డ తెల్లారి దిబ్బ ఎక్కాల్సిన పన్లేదు. ఇక మీకు కావాల్సినయ్యంటావా, నువ్వు పోయి తే," అంది నాయనతో.

నాయన నివ్వెరపోయాడు. మా పాలెంలో బిందె ముట్టిన మగవాడు లేడు. బిందె ఆడవాళ్ళది, నెత్తిన మోసేది. మగవాళ్ళు మోసేది కావడి, భుజాన రెండు తట్టల చేపలతో. అదేమీ శాసనం కాదు, ఎవరూ రాయలేదు, అందుకే దాన్ని దాటడం ఎవరికీ తోచలేదు. నాయన గొంతు తగ్గించి, "మొగోడు బిందెత్తితే ఊరు నవ్వుద్ది మా," అన్నాడు. అవ్వ గయ్యిమని లేచింది. "నిన్ను బిందెత్తమన్నానంట్రా? కావడెత్తమన్నా! కావడి నీదే, బుజం నీదే. తట్టలో చేపలుంటే ఏంది, నీళ్ళుంటే ఏంది? ఇంత పిల్ల ఎండని పట్టి నీళ్ళు తీసినాది, నీకు మోసకరాను చాతగాదా?"

మరుసటి మధ్యాహ్నం వేట దిగి, వల ఆరవేసి, నాయన కావడి తట్టలు విప్పి రెండు తగరపు డబ్బాలు కట్టాడు. తల వంచుకుని దిబ్బ ఎక్కాడు. చెలమ దగ్గర ఆడవాళ్ళంతా నోరు వెళ్ళబెట్టి, తర్వాత పకపక నవ్వి, ఒకామె, "ఏమన్నా, ఈ పొద్దు ఏం చేపలు పడినాయి?" అని అడిగిందట. నాయన ఊరుకునే రకమా? "సప్పచేపలు మే, ముల్లుండదు," అన్నాడట. ఆ మాట నెల రోజులు పాలెమంతా తిరిగింది, పిల్లలు ఆయన వెనకాల "సప్పచేపలోయ్!" అని కేకలు వేసేవాళ్ళు. ఆయన ఒక్కరోజు కూడా మానలేదు. పొద్దున అవ్వకు నా ముంత, మధ్యాహ్నం ఇంటికి ఆయన కావడి. నేను మాత్రం తల దువ్వుకుని మొదటి గంటకే బడిలో.

హాజరు అంచున సరిపోయింది, పరీక్షలు రాశాను. గొప్ప మార్కులేమీ రాలేదు, గట్టెక్కాను. అవ్వ కాళ్ళ వాపు తగ్గిందో లేదో డాక్టరు చెప్పాలి గాని, తగ్గిందని ఆమే ఊరంతా చెప్పుకుంది, ఆ ఎండాకాలమంతా ఆ రెండు గ్లాసులూ ఎవరినీ ముట్టనివ్వకుండా తాగింది. వానలు పడేసరికి ఇంకో రెండు ఇళ్ళ కావళ్ళు దిబ్బ ఎక్కాయి, తర్వాత ఇంకో నాలుగు. నాతోపాటు ఆ ఏడు మా పాలెంలో పదో తరగతి రాసిన ఆడపిల్ల ఇంకెవరూ లేరు. మరుసటి ఏడు నలుగురు రాశారు. నా తొట్టిని ఎవరూ మెచ్చుకోలేదు, కావళ్ళను చూసి ఎవరూ దండ వేయలేదు, నలుగురు ఆడపిల్లలు బడికి పోయారు, అంతే.

ఇప్పుడు ఆ చెలమ లేదు, సరుగుడు తోపు కొట్టేసి రొయ్యల గుంటలు తవ్వారు. ఆటోలో నీళ్ళ క్యాన్లు వీధిలోకే వస్తాయి. అది తప్పని నేను అనను. నీళ్ళకోసం ఏ తల్లీ తుంటి విరగ్గొట్టుకోకూడదు, ఆ రోజులే మేలని వగచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. నా మనవరాలు పళ్ళెంలో చుక్క పడగానే గంతులేసింది, దాని సంతోషం దానిది. కాని ఆ చుక్క ఎవరికోసమో దానికి తెలియదు. నాకు మాత్రం ఏ చుక్క ఎవరి గొంతుకోసమో తెలుసు, ఏ డబ్బా ఎవరి భుజం మీద వచ్చిందో తెలుసు, అందుకే అవ్వను, అయ్యవారిని, పాస్టరమ్మను ఇన్నేళ్ళయినా రోజుకొకసారి తలచుకోకుండా ఉండలేను.

నాయనకు మాత్రం నోరు తెరిచి కృతజ్ఞత చెప్పలేదు, ఇంట్లోవాళ్ళకు చెప్పుకునే అలవాటు మనకెక్కడిది. చివరి రెండేళ్ళూ ఆయన టౌనులో నా దగ్గరే ఉన్నాడు. చూపు తగ్గింది, మతిమరుపు వచ్చింది. నేను బడినుంచి రాగానే రోజూ ఒకటే అడిగేవాడు, "ఇంట్లో నీళ్ళుండాయా మా?" అని. వంటగదిలో కొళాయి, మిద్దె మీద ట్యాంకు. రోజంతా పిల్లలతో అరిచి వచ్చిన విసుగులో నేను, "కొళాయి ఉంది గదా నాయనా, ఎన్నిసార్లు చెప్పాలి!" అని కసిరేదాన్ని. ఆయన సరేనని తల ఊపి, కుడిచేత్తో భుజం తడుముకునేవాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. లేవన్నానంటే కావడెత్తుకుని బయలుదేరడానికే ఆయన అడిగేవాడు. ఇప్పుడు ఇంట్లో ఎన్ని క్యాన్లున్నా ఆ మాట అడిగేవాళ్ళు లేరు. ఇంకొక్క సాయంత్రం అడిగితే చాలు, "ఉండాయి నాయనా, నువ్వు తెచ్చినవే ఇంకా ఉండాయి," అని చెప్పేదాన్ని.